మొహమాటానికి బిల్లు కడుతున్నారా?

ఆదివారం హోటల్లో భోజనమంటే ఇంటిల్లిపాదికీ సంబరమే. కానీ తలుపు దగ్గర టోకెన్‌తో మొదలైన చిరాకు ఒక్కోసారి బిల్లు దాకా వెంటే వస్తుంది. బిర్యానీకీ, ఇరానీ చాయ్‌కీ పేరుపడ్డ హైదరాబాద్‌లో ఏ హోటల్ మర్యాద ఆ హోటల్‌దే. అది తెలిస్తే సగం చిరాకు తగ్గుతుంది. మిగతా సగం... అడిగితే తగ్గుతుంది!

మధ్యాహ్నం ఒంటిగంట. సికింద్రాబాద్, అమీర్‌పేట, గచ్చిబౌలి... ఎక్కడైనా సరే, కాస్త పేరున్న హోటల్ ముందు ఒకటే దృశ్యం. మెట్ల మీద పిల్లలు, గోడకానుకుని పెద్దలు, తలుపు దగ్గర పేర్లు రాసుకునే కుర్రాడు. ‘ఎంతమంది సార్? ఆరుగురా? పదే పది నిమిషాలు’ అంటాడు. ఆ పది నిమిషాలు ఎంతసేపో నగరంలో అందరికీ తెలుసు. అయినా నిలబడతారు. ఇంటి దగ్గర పొయ్యి వెలిగించలేదు మరి!

ఆకలి మీద నిలబడటం కన్నా ఎక్కువ బాధపెట్టేది ఇంకోటుంది. వెనకొచ్చినవాళ్లు ముందు లోపలికి వెళ్లడం. నిజానికి చాలాసార్లు అందులో మోసం ఉండదు. ఇద్దరు కూర్చునే బల్ల ఖాళీ అయితే ఇద్దరినే పిలుస్తారు. ఆరుగురికి రెండు బల్లలు పక్కపక్కన ఖాళీ కావాలి. ఆ ఒక్కమాట చెబితే ఎవరికీ కోపం రాదు. చెప్పరు. వచ్చిన చిక్కల్లా అక్కడే. హోటల్ గొడవలు విని చూడండి. ‘ఉప్పు ఎక్కువైంది’ అన్న ఫిర్యాదు కన్నా ‘మమ్మల్ని పట్టించుకోలేదు’ అన్నదే గట్టిగా వినిపిస్తుంది.

యునెస్కో 2019లో హైదరాబాద్‌ను రుచులకు పేరుగాంచిన సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. రుచికి ముద్ర పడింది సరే. మరి మర్యాద సంగతి?

ఇక్కడ నవ్వు ఉండదు... నమ్మకం ఉంటుంది!

పందొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇరాన్ నుంచి బయల్దేరి ముంబయి, పుణెల మీదుగా వచ్చినవాళ్లు ఈ నగరానికి ఇరానీ హోటళ్లు ఇచ్చారు. వీధి మూలల్లో దుకాణం, పాలరాయి పరిచిన బల్లలు, గల్లాపెట్టె దగ్గర యజమాని. చార్మినార్ పక్కనున్న నిమ్రా దగ్గర ఈనాటికీ తెల్లవారేసరికే చాయ్ కోసం జనం గుమిగూడతారు.

కొత్తగా వచ్చినవాళ్లకు ఇరానీ హోటల్ ఒకపట్టాన నచ్చదు. సర్వర్ నవ్వడు. ‘క్యా హోనా?’ అంటాడు, అంతే. మీ బల్ల దగ్గర ఖాళీ కుర్చీ ఉంటే అపరిచితుడొకరు వచ్చి కూర్చుంటాడు, అడగడు కూడా. కప్పులోంచి చాయ్ సాసర్లోకి ఒలికే వస్తుంది. అది నిర్లక్ష్యం కాదు, అక్కడి పద్ధతి! ఒలికింది సాసర్‌తోనే తాగేస్తారు. పాలు ఎక్కువ కావాలంటే ‘పౌనా’ అనాలి. ఒక చాయ్ ఇద్దరు పంచుకోవాలంటే ‘వన్ బై టూ’ అంటే చాలు. ఎవరూ చిన్నచూపు చూడరు.

పాత హోటళ్లలో ఇంకో సంగతి ఉంది. అడక్కుండానే సమోసాలో, బిస్కెట్లో ఉన్న ప్లేటు బల్ల మీద పెట్టేస్తారు. తిన్నవాటికే లెక్క. ఎన్ని తిన్నారో సర్వర్ ఓ చూపు చూసి గల్లా వైపు కేకేస్తాడు. ఆ మిగిలినవి మరో బల్లకు వెళ్తాయి. శుభ్రత పట్టింపు ఉన్నవాళ్లకు ఇది ఇబ్బందే. అలాంటివాళ్లు ప్లేటు పెట్టగానే ‘వద్దు భాయ్’ అనేస్తే తీసుకెళ్లిపోతాడు. ఇక్కడ అతిమర్యాద లేదు, మొహమాటమూ లేదు.

అడక్కుండానే వడ్డన

మీల్స్ హోటల్‌ది దీనికి పూర్తిగా వ్యతిరేకం. కూర్చోగానే ఆకో, పళ్లెమో వస్తుంది. ముద్దపప్పు, కందిపొడి, నెయ్యి, గోంగూర, ఆవకాయ, వేపుడు, సాంబారు, చారు, పెరుగు... వరుసగా దిగుతాయి. ఆంధ్ర భోజనమంటే కొసరి వడ్డించడమేనని నమ్మి వెళ్లేవాళ్లకు ‘ఇంకాస్త పప్పు వెయ్యమంటారా’ అన్న మాటతోనే సగం కడుపు నిండిపోతుంది.

చిరాకు ఎక్కడంటే... భోజనం సగంలో ఉండగానే వెనక నిలబడే మనిషి దగ్గర. కుర్చీ వీపు మీద చెయ్యేసి మరీ నిలబడతాడు. ఎదుటివాళ్లు పెరుగులోకి వచ్చారా లేదా అని చూస్తుంటాడు. అలా చూస్తుంటే ముద్ద దిగేదెలా? ఎదుటి గోడ మీదేమో బోర్డులు! ‘ప్లేటులో చేయి కడగరాదు.’ ‘ఒక మీల్స్ ఇద్దరు పంచుకోరాదు.’ అన్నీ చేయకూడనివే. బోర్డు చదివితే కోపమొస్తుంది కానీ, దాని వెనక లెక్కుంది. ఎంత తిన్నా ఒకటే ధర అన్నచోట, తక్కువ తినేవాళ్లు కట్టిన డబ్బే ఎక్కువ తినేవాళ్ల అన్నాన్ని మోస్తుంది. ఒక టికెట్ మీద ఇద్దరు తింటే ఆ లెక్క తప్పుతుంది. చిన్నపిల్లలకు విడిగా టికెట్ తీసుకోవాలా, వద్దా అన్నది కూర్చోకముందే కౌంటర్లో అడిగితే, తిన్నాక వాదన ఉండదు.

ముక్కలేవీ?

ఇక బిర్యానీ. 1953లో సికింద్రాబాద్‌లో పారడైజ్ సినిమా హాలును ఆనుకుని మొదలైన చిన్న కేఫ్, బిర్యానీ పేరుతో ఊరికే గుర్తుగా మారిపోయింది. ఇప్పుడు గల్లీకో బిర్యానీ హోటల్. అన్నిచోట్లా వినిపించే ఫిర్యాదు మాత్రం ఒక్కటే. ‘అంతా అన్నమే, ముక్కలేవీ?’

దీనికి జవాబు హండీలో ఉంది. కచ్చీ పద్ధతిలో నానబెట్టిన పచ్చి మాంసం అడుగున పరిచి, దాని మీద సగం ఉడికిన బియ్యం వేసి, మూత చుట్టూ పిండి మెత్తి దమ్ముకు పెడతారు. మసాలా, ముక్కలు అడుగునే ఉంటాయి. ఒక పక్క నుంచి అడుగు దాకా గరిటె దించి తీసేవాడి చేతిలో అన్నీ సమంగా వస్తాయి. రద్దీ వేళ పైపైన తీస్తే తెల్లన్నమే వస్తుంది. కాబట్టి ‘అడుగు నుంచి తియ్యమనండి’ అని ఆర్డరిచ్చేటప్పుడే చెప్పడం పెద్ద తప్పేం కాదు. సింగిల్ అంటే ఎంత, ఫుల్ అంటే ఎంత, ముక్కలెన్ని వస్తాయి, మిర్చీకా సాలన్ రెండోసారి అడిగితే డబ్బు తీసుకుంటారా... ఇవన్నీ హోటల్ హోటల్‌కీ మారతాయి. అడగాల్సిందే.

నీళ్ల దగ్గర్నుంచే లెక్క

మాదాపూర్, గచ్చిబౌలి, జూబ్లీహిల్స్ వైపు కొత్త రెస్టరెంట్లలో ఏసీ చల్లగా తగులుతుంది. కుర్చీ లాగి కూర్చోబెడతారు. మొదటి ప్రశ్న: ‘మినరలా, రెగ్యులరా?’ పిల్లల ముందు, కొత్త అల్లుడి ముందు ‘మామూలు నీళ్లు చాలు’ అనడానికి చాలామందికి నోరు రాదు. అరడజను మంది కూర్చున్న బల్లకు నాలుగు సీసాలొచ్చేస్తాయి. సీసా మీద రాసిన ధరకే ఇవ్వాలని వాదించీ లాభం లేదు. రెస్టరెంట్లు నీళ్లతో పాటు సేవ కూడా అందిస్తున్నాయి కాబట్టి ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులోనే చెప్పింది. కాబట్టి ఆ మొదటి ప్రశ్న దగ్గరే తేల్చుకోవాలి.

తర్వాతి చిరాకు... నాన్ ముందొచ్చి చల్లారిపోతుంది, కూర ఇరవై నిమిషాల తర్వాత వస్తుంది. ఆర్డర్ చీటీ వంటింట్లోకి వెళ్లాక ముక్కలైపోతుంది. తందూరు ఒకరిది, చైనీస్ ఒకరిది, కూరలు మరొకరివి. ఎవరి వేగం వారిది. రొట్టెలు రెండేసి చొప్పున చెప్పుకోవడం, ‘కూర వచ్చాకే నాన్ తెండి’ అని ముందే అనడం అనుభవం ఉన్నవాళ్ల పద్ధతి.

బిల్లు చేతికొచ్చాక

సోంపుతో పాటు నల్ల ఫోల్డరు వస్తుంది. అప్పటిదాకా నవ్వులు, ఆ తర్వాత నిశ్శబ్దం. ఒక లెక్క చూద్దాం. రెండు వేల రూపాయల భోజనం. పది శాతం సర్వీస్ ఛార్జి అంటూ 200 కలిపారు. ఆ 2,200 మీద 5 శాతం జీఎస్టీ 110. మొత్తం 2,310. సర్వీస్ ఛార్జి లేకపోతే 2,100. తేడా 210 రూపాయలు. రెండువందల రూపాయల వడ్డింపు మీద పది రూపాయల పన్ను కూడా కట్టామన్నమాట!

జీఎస్టీ ప్రభుత్వానిది. సర్వీస్ ఛార్జి కాదు. దాన్ని బిల్లులో దానంతటదే కలపకూడదనీ, వేరే పేరుతోనూ వసూలు చేయకూడదనీ, కట్టడం వినియోగదారుడి ఇష్టమనీ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలిచ్చింది. రెస్టరెంట్ల సంఘాలు కోర్టుకెళ్లాయి. దిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ మార్గదర్శకాలను సమర్థించింది. కాబట్టి ‘ఇది తీసెయ్యండి’ అని అడగొచ్చు. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ఇంకోమాట: కాంపొజిషన్ పథకంలో ఉన్న చిన్న హోటళ్లు బిల్లులో జీఎస్టీ విడిగా వేయకూడదు. బిల్లు మీద పద్నాలుగు అంకెల ఆహార భద్రతా లైసెన్సు నంబరు ఉందేమో కూడా చూడాలి. 2022 జనవరి నుంచి అది తప్పనిసరి.

ఆ నంబరుకు విలువ ఎందుకో 2024లో నగరానికి బాగా తెలిసొచ్చింది. ఆ ఏడాది ఆహార భద్రతా అధికారులు హైదరాబాద్ హోటళ్ల వంటిళ్లలో వరుసగా తనిఖీలు చేసి, కనిపించినవాటిని ఎప్పటికప్పుడు జనం ముందు పెట్టారు. అక్టోబరు 30న పచ్చిగుడ్డుతో చేసే మయొనైజ్‌ను రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. ఏసీ చల్లదనం చూసి వంటిల్లు ఎలా ఉందో చెప్పలేమని అందరికీ అర్థమైంది.

అటువైపు నుంచి చూస్తే...

చిరాకులు కూర్చున్నవాళ్లవే కాదు, నిలబడ్డవాళ్లవి కూడా. పొగలు కక్కే సూప్ ట్రే పట్టుకుని వస్తుంటే కాళ్ల కింద పరుగెత్తే పిల్లలు. ‘ఏయ్’ అని చిటికె వేసే పెద్దలు. బిల్లు కట్టేశాక కూడా బయట జనాన్ని చూస్తూనే గంటసేపు కబుర్లు. నాలుగు రకాలు చెప్పి సగం వదిలేయడం. వంటింట్లో జరిగిన ఆలస్యానికి మాటపడేది మాత్రం సర్వరే.

ఫోన్‌తో బిల్లు కట్టడం అలవాటయ్యాక ఫోల్డరులో మిగిలే చిల్లర నోట్లూ తగ్గాయి. సర్వీస్ ఛార్జి తీసేయమని అడగడం హక్కే. అలాగని బాగా చూసుకున్న మనిషిని ఖాళీ చేతులతో వదలక్కర్లేదు. ఓ యాభై రూపాయల నోటు నేరుగా అతని చేతిలో పెడితే అది ఎవరికి చేరిందో తెలుస్తుంది. మధ్యాహ్నం రద్దీ తీరాక, ఏ నాలుగింటికో అతను భోజనానికి కూర్చుంటాడు. అతనికీ అది ఆదివారమే.

మొహమాటపడితే జేబుకు చిల్లు, అరిస్తే పండగ పూట పాడు. రెండూ కాకుండా నెమ్మదిగా, ముందే, పేరుపెట్టి పిలిచి అడిగి చూడండి. తినే అన్నానికీ, తెచ్చే మనిషికీ రెంటికీ మర్యాద దక్కుతుంది!