పదిమంది జట్టు

పొద్దున్నే పత్రిక రాగానే నేను ముందు తిప్పేది ఆటల పేజీ. తర్వాత సినిమా. రాజకీయాలు చివరికి, అదీ కాఫీ చల్లారకపోతే. వార్తల్ని యిలా గదులు గదులుగా పంచుకోవడంలో ఒక సుఖం వుంది. పాల్ రోబ్సన్ జీవితం చదివిన తర్వాత నాకా సుఖం పోయింది.

బానిసత్వం నుంచి పారిపోయి పాస్టరైన తండ్రికి 1898లో పుట్టాడాయన. రట్గర్స్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో చేరబోతే ఆ జట్టువాళ్లే ముక్కు బద్దలుకొట్టారు. అయినా ఆడాడు. 1917లోనూ, 1918లోనూ దేశంలోకెల్లా మేటి ఆటగాళ్ల జాబితాకెక్కాడు. లా చదివాడు, గాయకుడయ్యాడు. 1943లో బ్రాడ్వేలో ఆయన ఒథెల్లో వేస్తే 296 ఆటలు ఆడింది. షేక్స్పియర్ నాటకం అక్కడ అంతకుముందు అన్నాళ్లు ఆడలేదు.

ఆటలూ, వినోదమూ రెండు పేజీలూ ఆయనవే. మూడో పేజీ వచ్చి ఆ రెంటినీ మింగింది.

1949 ఏప్రిల్‌లో పారిస్ శాంతి మహాసభలో మాట్లాడాడు. సోవియట్ మీద యుద్ధమొస్తే అమెరికా నల్లవాళ్లు పోరాడరని ఆయన అన్నట్టు వార్తాసంస్థ తంతి పంపింది. అన్న మాటకూ, అచ్చయిన మాటకూ తేడా వుందని పరిశోధకులు చూపారు గాని, అది చాలా యేళ్ల తర్వాత. అప్పటికి జరగవలసిందంతా జరిగింది. ఆయనకు జవాబు చెప్పించడానికి అమెరికా ప్రతినిధుల సభ కమిటీ యెవరిని పిలిచిందనుకున్నారు? బేస్‌బాల్ పెద్ద లీగులో 1947లో రంగు కంచె దాటిన జాకీ రాబిన్సన్‌ను! ఆ మాట నిజంగా అనివుంటే అది వెర్రిమాట అన్నాడు రాబిన్సన్. అదే నోటితో జాతివివక్షనూ దుయ్యబట్టాడు. పత్రికలకు మొదటి సగమే రుచించింది. 1972లో వెలువడిన ఆత్మకథలో, రోబ్సన్ మీద తనకు గౌరవం పెరిగిందని ఆయనే రాసుకున్నాడు.

ఆ ఆగస్టులో పీక్‌స్కిల్ దగ్గర రోబ్సన్ కచేరీని అల్లరిమూక సాగనివ్వలేదు. సెప్టెంబరు 4న పాడగలిగాడు గాని, విని తిరిగి వెళ్తున్న జనంమీద రాళ్లవాన కురిసింది. 1950లో టెలివిజన్ తలుపు మూసింది, ప్రభుత్వం పాస్‌పోర్టు లాగేసుకుంది. 1957లో లండన్ శ్రోతలకు అట్లాంటిక్ అడుగున వేసిన టెలిఫోను తీగమీదుగా పాడి వినిపించాడు. పాస్‌పోర్టు 1958లో గాని చేతికి రాలేదు.

వీటన్నిటికంటే నన్ను కుదిపింది చిన్న సంగతి. ఆ రోజుల్లో వెలువడిన ఒక ఫుట్‌బాల్ రికార్డు పుస్తకంలో 1918 మేటి జట్టు పేర్లు పదే వున్నాయి. ఆట పదకొండుమందిది! ఇంకో పేరు తెచ్చి అతికించే ఓపిక కూడా లేకపోయింది కాబోలు.

రోబ్సన్‌ను దేవుణ్ణి చెయ్యనక్కర్లేదు. 1949 జూన్‌లో మాస్కోలో, తన స్నేహితుడైన యిద్దిష్ కవి ఇట్సిక్ ఫెఫర్ నిర్బంధంలో వున్నాడని కళ్లారా తెలుసుకున్నాడు. అక్కడి వేదికమీద యిద్దిష్ పాట పాడాడు. ఇంటికొచ్చాక నోరు మెదపలేదు. 1952లో ఫెఫర్‌ను కాల్చి చంపారు. అభ్యుదయం పేరు చెప్పుకునే మనం యీ సంగతి దాటవేస్తే, మనమూ ఒక పేరు కొట్టేసినవాళ్లమే.

కొట్టేయడం నాకు తెలియని విద్య కాదు. నిరుడు మా కాలేజీ సంచికకు సంపాదకుణ్ణి నేనే. పోటీల్లో గెలిచిన కబడ్డీ జట్టులోంచి ఒక కుర్రవాడి పేరు తీసేయమన్నారు. హాస్టలు భోజనం గురించిన ధర్నాలో ముందు కూర్చున్నాడట. ఆటకూ దానికీ సంబంధమేమిటండీ అని ఒకసారి అన్నాను; రెండోసారి అనలేదు. ప్రూఫులో గీత గీసింది నా చెయ్యే.

సంచిక వచ్చాక ఆ కుర్రవాడు ఒకటి తీసుకుని, అక్కడే తిరగేశాడు.

"ఆరే వున్నాయేంటి మాస్టారూ? ఆడింది ఏడుగురం గదా" అన్నాడు.

అచ్చుతప్పన్నాను.