పడవలో కొబ్బరి పొట్టు

ఈ నెల నేను రాస్తున్న సంగతి కొందరికి ముక్కు మూసుకోవాలనిపించవచ్చు. అయినా మన కుటుంబాల ఆరోగ్యానికి సంబంధించినది గనుక సిగ్గుపడకుండా రాస్తున్నాను.

2022 వేసవిలో దేవుని కృపను బట్టి నాకు ఇంగ్లాండు వెళ్లే అవకాశం కలిగింది. విలియం కేరీ గారు 1761లో పుట్టిన నార్తాంప్టన్‌షైర్ చూడాలన్నది నా చిరకాల కోరిక. మన సంఘంలో పెరిగి అక్కడ నర్సుగా పనిచేస్తున్న ఒక సోదరి, ఆమె భర్త నన్ను తమ ఇంట దిగమన్నారు. తీరా వెళ్లి చూస్తే ఆ ఇల్లు ఒక పడవ! బ్రాన్‌స్టన్ అనే ఊరి దగ్గర గ్రాండ్ యూనియన్ కాలువ, ఆక్స్‌ఫర్డ్ కాలువ కలుస్తాయి. అక్కడ ఒడ్డున వరుసగా పడవలు కట్టి ఉన్నాయి. పూర్వం గుర్రాలు లాగగా బొగ్గు, సరుకులు మోసిన తరహా పడవలవి. వెడల్పు సుమారు 7 అడుగులే. అందులోనే వంటిల్లు, పడక, స్నానాల గది. కోనసీమ కాలువల గట్టున పుట్టిన నాకు ప్రాణం లేచివచ్చింది.

మరుగుదొడ్డి దగ్గర మాత్రం తడబడ్డాను. దానికి నీళ్ల తొట్టె లేదు. ముందు భాగంలో మూత్రం ఒక సీసాలోకి పోతుంది. వెనుక మలం ఒక డబ్బాలో పడితే, మీద గోధుమరంగు పొట్టు చల్లాలి. నేను మన అలవాటు కొద్దీ చెంబుతో నీళ్లు తీసుకెళ్లి అందులోనే పోశాను. మర్నాటికి పడవంతా దుర్వాసన. నేను సిగ్గుతో తల వంచుకుంటే ఆ సోదరి నవ్వి, "పరవాలేదు అయ్యగారూ, మొదట్లో నేనూ అలాగే చేశాను. నీళ్లు పడితే గాలి ఆడదు, గాలి ఆడకపోతే కుళ్లి కంపు కొడుతుంది. కడుక్కోవడానికి పక్కన వేరే చోటుంది" అంది.

ఆ సాయంత్రం తాను ఏయే పొట్టు వాడి చూసిందో చెప్పింది. వడ్రంగి దుకాణం నుండి తెచ్చిన సన్నని రంపపు పొట్టు తడిని బాగానే పీల్చింది గాని ముద్దకట్టి గాలిని అడ్డుకుంది. పైగా రంగులు, మందులు పట్టించిన చెక్కల పొట్టు, జిగురుతో చేసిన బోర్డుల పొట్టు ఎరువుకు పనికిరావు. చిత్రిక పట్టగా రాలే చెక్క పొట్టు గుల్లగా ఉండి గాలి ఆడనిస్తుంది. కాని తడిని తక్కువ పీలుస్తుంది, సంచులు పెట్టుకోవడానికి పడవలో చోటు చాలదు. పీట్ అనే బురదనేల మట్టి ఎంతో తడిని పీలుస్తుంది. అయితే అది ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకునేది. వేల ఏళ్లలో ఏర్పడినదాన్ని తవ్వి డబ్బాలో పోయడానికి ఆమెకు మనసొప్పలేదు.

చివరికి ఆమె ఎంచుకున్నది కొబ్బరి పొట్టు ఇటుక. 650 గ్రాముల ఇటుకను నీళ్లలో నానబెడితే దాదాపు 9 లీటర్ల పొట్టు అవుతుంది. "పిడికిట పట్టి పిండితే చుక్క కారకూడదు, విప్పితే పొడిపొడిగా రాలాలి. అదే కొలత" అంది. ఇటుక మీది కాగితం చూశాను. మన దేశపు సరుకే! మా ఊళ్లో పీచు తీసే చోట రోడ్డు పక్కన గుట్టగా పోసి వదిలేసే పొట్టు అది.

"మరి నిండిన డబ్బా ఎక్కడ పారబోస్తావమ్మా?" అని అడిగాను. కాలువలో వదలడం నిషేధం. కాలువలను చూసుకునే ట్రస్టు తన చెత్తకుండీల్లో ఇది వేయడాన్ని కూడా 2021 చివరితో ఆపేసింది. అందుకని మూత ఉన్న పెట్టెల్లో పెట్టి, స్నేహితుల తోటలో నిలవ ఉంచి, చెట్ల మొదళ్లలో వేస్తారట. కూరగాయలకు వేయరు. ఆమె నర్సు గనుక మరో మాట గట్టిగా చెప్పింది: "పొట్టు క్రిములను చంపదు అయ్యగారూ. తడిని పీల్చి, ఈగలను ఆపి, గాలి ఆడనిస్తుంది. చంపేది కాలమే." ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన సూచనల ప్రకారం చలిచోట్ల ఏడాదిన్నర నుండి రెండేళ్లు, మనవంటి వెచ్చని చోట్ల ఏడాదికి పైగా నిలవ ఉంచాలి. ఏలికపాముల గుడ్లు అంత మొండివి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా పాస్టరు గారింటి మరుగుదొడ్డి గుంట బోరుకు పదిహేను అడుగుల దూరాన తవ్వించినది నేనే. వానాకాలంలో మా నేలలో రెండు మూడు అడుగులకే నీరు పడుతుంది. ఒక ఏడు వానలకు మా చిన్నమ్మాయికి విరేచనాలు పట్టుకుని మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. మేము కన్నీటితో ప్రార్థించాము, బిడ్డ దక్కింది. కాని గుంట గురించి నేను ఒక్కనాడూ ఆలోచించలేదు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయంలో పాళెము వెలుపల గుంట తవ్వి మలాన్ని కప్పమన్న కట్టడ ఉంది. ఎన్నిసార్లు చదివి దాటిపోయానో!

తిరిగి వచ్చాక పాత గుంట పూడ్పించి, నేల మట్టం కంటే ఎత్తున రెండు అరలు కట్టించాను. కేరళ తీరగ్రామాల్లో 1990ల నుండి ఇటువంటివి ఉన్నాయి. ఒక అర నిండితే మూసి, రెండోది వాడతాము. కడిగిన నీళ్లు అరలోకి పోవు, వేరుగా అరటి మొక్కలకు పోతాయి. ఎండబెట్టిన కొబ్బరి పొట్టులో కాస్త పొయ్యి బూడిద కలిపి చల్లుతాము. పొట్టుకు మేము ఖర్చు పెట్టింది బండి కిరాయి మాత్రమే.

మొదట మా సంఘపెద్ద ఒకాయన, "ఇదేం పని అయ్యగారూ!" అన్నారు. మొదటి అరను ఏడాదిన్నర దాటాక తెరిచినప్పుడు ఆయనే చేతికర్రతో కదిపి చూసి, "మట్టి వాసనే వస్తోందే!" అన్నారు. దాన్ని కొబ్బరిచెట్ల మొదళ్లలో వేశాము. కాయనుండి వచ్చిన పొట్టు తిరిగి చెట్టుకే చేరింది.

ఈ వానాకాలం రాకముందే మీ ఇంటి గుంటకూ బోరుకూ మధ్య ఎంత దూరముందో ఒక్కసారి కొలిచి చూడండి. మన బిడ్డలూ, పొరుగువారి బిడ్డలూ తాగేది ఆ నేలలోని నీళ్లే.