డబ్బాలో డబ్బా

కంప్యూటర్ గురించి రాస్తున్నానంటే ముందు మావారే నవ్వారు. మీరూ నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఇంటర్మీడియెట్‌తో చదువు ఆపేసినదాన్ని. కానీ నేను చేసిన ఒక తెలివితక్కువ పనివల్ల అమ్మ చెప్పిన ఆరు పచ్చళ్ళు పోయాయి. అది ఎవరితోనైనా చెప్పుకోవాలి కదా!

మా అమ్మాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. 2020లో లాక్‌డౌన్‌కి ఇంటికొచ్చినప్పుడు నూనె మరకలతో జిడ్డోడుతున్న నా వంటల నోటుబుక్కు చూసి, "అమ్మా, ఇవన్నీ టైపు చేసి గిట్‌లో పెట్టుకో" అంది. గిట్ అంటే 2005లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఆయన లినక్స్ పని కోసం తయారుచేసిన సాధనమట. ఫైల్లో మనం ఏం మార్చినా పాతదీ పోదు, కొత్తదీ ఉంటుంది. సాంబారు పొడిలో ధనియాలు పెంచి, అబ్బే బాగాలేదనుకుంటే పాత కొలత మళ్ళీ తీసుకోవచ్చు. మార్చినప్పుడల్లా "కమిట్" చెయ్యాలి, అంటే తేదీ వేసి సంతకం పెట్టడం లాంటిది. తర్వాత "పుష్" చేస్తే ఇంటర్నెట్‌లో మన ఖాతాకి ఒక నకలు చేరుతుంది. ఇలా చరిత్రతో సహా ఉన్న ఫోల్డరు పేరు రిపాజిటరీ. మా ఇంట్లో "రిపో" అంటాం.

నాకు రెండు రిపోలుండేవి. ఒకటి "మా ఇల్లు". అందులో వంటలు, పాల లెక్క, గ్యాసు తేదీలు, చిట్టీ లెక్కలు. రెండోది "అమ్మ పచ్చళ్ళు". అది విడిగా ఎందుకంటే విజయవాడలో ఉన్న మా అక్కకీ కావాలి. పచ్చళ్ళు సరే, నా చిట్టీ లెక్కలు అక్కకెందుకు చెప్పండి!

ఇల్లు సర్దినట్టు కంప్యూటరూ సర్దాలనిపించింది ఒకరోజు. పచ్చళ్ళ ఫోల్డరు తీసుకెళ్ళి "మా ఇల్లు"లో పెట్టేసి, "గిట్ యాడ్" అన్నాను. తెర మీద ఏదో పొడుగాటి హెచ్చరిక వచ్చింది. పొయ్యి మీద పాలున్నాయి, చదవలేదు. ఆ తర్వాత అమ్మ ఫోన్లో చెప్పిన ఆరు పచ్చళ్ళు లోపలి ఫోల్డర్లో రాశాను, కమిట్ చేశాను. పుష్ మాత్రం బయటి రిపో నుంచే చేశాను. పెద్ద డబ్బా పంపితే లోపలి చిన్న డబ్బా కూడా వెళ్తుందనే కదా ఎవరైనా అనుకుంటారు?

అమ్మ పోయిన నాలుగో నెలలో నా ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ చెడిపోయింది. భయపడలేదు. కొత్తదాంట్లో "క్లోన్" చేసి నకలు దింపుకున్నాను. అన్నీ వచ్చాయి, చిట్టీ లెక్కలతో సహా. పచ్చళ్ళ ఫోల్డరు తెరిస్తే ఖాళీ.

అమ్మాయి ఫోన్లో నెమ్మదిగా చెప్పింది. రిపోలో రిపో పెడితే బయటిది లోపలి వస్తువుల్ని దాచదు. ఒక చీటీ రాసుకుంటుంది, అంతే. ఆ చీటీ మీద ఉండేది లోపలి కమిట్ నంబరు, నలభై అక్షరాలూ అంకెలూ. లోపలి రిపోని దానికదే పుష్ చెయ్యాలి. దసరాకి అమ్మాయే ఒకసారి చేసింది కాబట్టి ముప్ఫై ఏడు పచ్చళ్ళు దక్కాయి. తర్వాతి ఆరింటికి నా దగ్గర నంబరుంది, పచ్చడి లేదు. నేను చదవని ఆ హెచ్చరికలో ఉన్నది సరిగ్గా ఇదేనట. ఆ రాత్రి అన్నం తినలేదు నేను.

ఆదివారం అమ్మాయి కూర్చోబెట్టి సరిచేయించింది. ముందు ఆ చీటీనీ, ఖాళీ ఫోల్డరునీ తీసేయించింది. తర్వాత "గిట్ సబ్‌మాడ్యూల్ యాడ్" అని కొట్టి, పక్కన పచ్చళ్ళ రిపో ఇంటర్నెట్ చిరునామా రాయమంది. అప్పుడు "డాట్ గిట్‌మాడ్యూల్స్" అనే చిన్న ఫైలు పుడుతుంది. లోపలి డబ్బా పేరు, అది దొరికే చోటు అందులో ఉంటాయి. నేను మొదట చేసిన పనిలో లేనిది ఇదే. దీన్ని కూడా కమిట్ చెయ్యాలి, మరిచిపోకండి. కొత్త మెషిన్లో క్లోన్ చేసేటప్పుడు "రికర్స్ సబ్‌మాడ్యూల్స్" అని కలిపితే లోపలివీ దిగుతాయి. మరిచిపోయినా కొంప మునగదు, "గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్" పక్కన "ఇనిట్" కలిపి కొడితే వస్తాయి.

అలా దిగినప్పుడు లోపలి రిపో ఏ బ్రాంచి మీదా ఉండదు. కొత్త పచ్చడి రాసేముందు లోపలికి వెళ్ళి "గిట్ స్విచ్ మెయిన్" అనుకోవాలి. ముందు లోపల కమిట్, పుష్. ఆ తర్వాతే బయట యాడ్, కమిట్, పుష్. నా మతిమరుపు తెలిసిన పిల్ల కనుక ఇంకో సెట్టింగూ పెట్టింది. "పుష్ రికర్స్‌సబ్‌మాడ్యూల్స్" అనే దానికి "చెక్" అని రాసింది. లోపలిది పంపకుండా బయటిది పంపబోతే ఇప్పుడు గిట్టే ఒప్పుకోదు. ఇప్పటికి రెండుసార్లు నన్ను ఆపింది.

పోయిన ఆరింటిలో నాలుగు అక్కకి నోటికొచ్చు. ఐదోది మేనత్త చెప్పింది. మిగిలింది దబ్బకాయ. మెంతిపిండి ఎంత అన్న దగ్గర నాకూ అక్కకీ పడటంలేదు. అమ్మ చారెడు అందని అక్క, అందులో సగమేనని నేను. చివరికి అక్క తన కొలతతో ఒక కమిట్ చేసింది, నేను నాదానితో ఇంకోటి చేశాను. రెండు జాడీలూ పెట్టాం. అక్క జాడీ పొద్దున్నే బస్సు పార్సిల్లో వచ్చింది, ఇంకా మూత తియ్యలేదు.