వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్ళి సంగతి అలా ఉంచండి. ఇల్లు కట్టేవారికి గోడలు లేచేవరకూ ఒక ఎత్తు, తలుపులు పెట్టించడం ఒక ఎత్తు. పునాది ఎంత లోతు తవ్వాలో మేస్త్రి చెబుతాడు. ఇనుము ఎంత పడుతుందో ఇంజనీరు లెక్క కడతాడు. తలుపుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఇంటిల్లిపాదీ సలహాదారులే! బావమరిది టేకు అంటాడు. పక్కింటాయన ఇనుప తలుపు మేలంటాడు. ఇల్లాలు తన పుట్టింటి తలుపును తలుచుకుంటుంది. దుకాణంవాడు ఏది చూపించినా "ఇదే చాలామంది తీసుకుంటున్నారండీ" అంటాడు.

ఇటువంటి సందిగ్ధంలో ఉన్నవారు దుకాణానికి పోయేముందు ఒకసారి కోనసీమ వెళ్ళిరావడం మంచిది. అక్కడ తలుపులు అమ్మరని కాదు. తలుపు ఎందుకు ఉండాలో అక్కడి పాత ఇళ్ళు చెబుతాయి.

రాజమహేంద్రవరంలో బస్సెక్కి, జొన్నాడ దగ్గర గౌతమి మీది వంతెన దాటితే రావులపాలెం. అక్కడినుంచి కొత్తపేట మీదుగా అమలాపురం దారి పట్టగానే అరటితోటలు, కొబ్బరితోటలు, కాలువగట్లు కూడా వస్తూ ఉంటాయి. ఈ సీమ 2022లో ప్రత్యేక జిల్లా అయింది. ఊళ్ళలో ఇప్పుడు మేడలే ఎక్కువ. అయినా మేడకూ మేడకూ నడుమ అక్కడక్కడ ఒక మండువా లోగిలి, పెంకులు నల్లబడి, అరుగులు అరిగి, ఇంకా నిలబడే ఉంటుంది.

అంబాజీపేట చుట్టుపట్ల ఒక ఊళ్ళో అటువంటి లోగిలి చూచాను. దాన్ని నాకు చూపించినది ఇంటి యజమాని కాదు, డెబ్భై దాటిన ఒక వడ్రంగి. ఆ ఇంటి మరమ్మతులు ఆయన తండ్రి చేశాడట, ఇప్పుడు ఆయన చేస్తున్నాడు.

"ముందు వీధి గుమ్మంలో నుంచోండి బాబూ" అన్నాడు.

నుంచున్నాను. ఎదురుగా మండువా, దాని నడినెత్తిన ఆకాశం, ఆవల మరో గుమ్మం, దాని వెనుక పెరటిలో పనసచెట్టు, అన్నీ ఒకే వరసలో కనిపించాయి. గాలి నన్ను దాటుకుని లోపలికి పోతున్నది.

వీధి తలుపు రెండు రెక్కలది. ద్వారబంధం పై కమ్మి మీద గజలక్ష్మి, అటూ ఇటూ లతలు. గడపకు పసుపు, కుంకుమ. ఇదంతా వచ్చినవారు చూచే అందం. వడ్రంగి నన్ను లోపలికి పిలిచి రెక్కల వెనుక భాగం చూపించాడు. అక్కడ నగిషీ ఏమీ లేదు. బలమైన అడ్డబద్దలు, గోడలోనుంచి లాగి వేసే పెద్ద అడ్డగడియ, అంతే. ఈ రెక్కలకు బందులే లేవు. రెక్క చెక్కకే పైనా కిందా మొనలు తీర్చి, ఆ మొనలు పై కమ్మిలోను గడపలోను ఉన్న గుంటలలో తిరిగేటట్టు అమర్చారు. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టే సీమలో ఎంత తెలివైన పని! ఒక్క పెద్ద రెక్కకు బదులు రెండు చిన్న రెక్కలు పెట్టడంలోనూ ఉపాయమున్నది. బరువు రెండు వైపులా పంచుకుంటుంది, తెరిచినప్పుడు సగం చోటే ఆక్రమిస్తుంది.

లోపలికి పోయినకొద్దీ తలుపుల వేషం మారింది. పడకగదుల తలుపులు పలుచనివి, నునుపైనవి. ధాన్యం గది తలుపు పొట్టిది, మందమైనది, ఒంటిరెక్కది. గడప కూడా ఎత్తు. వంటింటి తలుపుకు పైభాగంలో పలక లేదు, కమ్మీలున్నాయి. పొగ పోవాలి గదా! పెరటి తలుపు వేపచెక్కతో చేసినది. దానికి చెక్కడం లేదు, మెరుగు లేదు. కింది జానెడు మేర చెక్క రంగు వేరుగా ఉన్నది.

"అది మా నాన్న ఒకసారి మార్చాడు, నేనొకసారి మార్చాను. వాన జల్లు పడేది అక్కడే. తలుపంతా పోకుండా కింది ముక్క మార్చుకునేటట్టే చేశారు బాబూ" అన్నాడాయన.

ఒకే ఇంటికి ఇన్నిరకాల తలుపులెందుకని అడిగాను.

"తలుపు చెయ్యమంటే నేను ముందు కలప సంగతి అడగనండి. ఆ గదిలో ఎవరు పడుకుంటారు, ఆ గోడకు ఏ గాలి కొడుతుంది, ఆ గడప దాకా ఏ నీళ్ళొస్తాయి అని అడుగుతాను. కలప సంగతి ఆ తరువాత."

ఈ మూడు ప్రశ్నలకూ కోనసీమ చరిత్రలో సాక్ష్యాలున్నాయి. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు లేచింది. 2022 జూలైలో మళ్ళీ 71.3 అడుగులు చూచింది. అంత నీరు దిగువకు వచ్చినప్పుడు లంకల్లోని ఇళ్ళకు గడప ఒక లెక్కా? గట్టి చెక్క తలుపు నీళ్ళలో నానితే ఉబ్బుతుంది, బిగుస్తుంది. నీడలో నెమ్మదిగా ఆరితే చాలావరకు తన కొలతకు తాను వస్తుంది. నాసిరకం జిగురుతో అతికించిన పొరల తలుపు మాత్రం విస్తరాకులా విచ్చుకుంటుంది. చెక్కపొట్టు అదిమి చేసిన పలక అయితే ఒకసారి ఉబ్బిందంటే ఇక తగ్గదు.

గాలి సంగతి 1996 నవంబరు 6 నాటి తుఫాను చెప్పింది. ఆ రాత్రి కోనసీమలో కూలిన కొబ్బరిచెట్లకు లెక్కలేదు. అంతటి గాలికి ఎదురుగా ఉన్న తలుపు ఒక్కటి విరిగితే చాలు, లోపల జొరబడిన గాలి కప్పును కిందినుంచి పైకి తంతుంది. అడ్డగడియ దొంగల కోసమే అనుకుంటాము. తుఫాను రాత్రి అది ఇంటికప్పును కూడా కాపాడుతుంది.

అందుచేత బయటి తలుపుకు గట్టి చెక్కే మేలు. టేకు మంచిదే. ఎండకూ వానకూ తక్కువగా కదులుతుంది, దానిలోని నూనె చెదలను దూరం పెడుతుంది. కాని ఆ గుణం చేవకే గాని బెరడు పక్కనున్న తెల్లచెక్కకు లేదు. "టేకు" అన్నంత మాత్రాన సంతోషించక, రంగు పూయకముందే చూచి, పాలిపోయిన అంచులున్న పలకలు తీసేయించండి. బాగా ఆరిన కలప అడగండి. పచ్చికలప తలుపు మొదటి వేసవిలోనే నోరు తెరుస్తుంది. ద్వారబంధానికి వేప, మద్ది వాడేవారూ ఉన్నారు.

వడ్రంగి చెప్పిన మరొక కిటుకు. రంగు వేసేవారు తలుపుకు ముందూ వెనుకా వేసి ఊరుకుంటారు. నీరు తాగేది పై అంచు, కింది అంచు! ఆ రెండింటికీ కూడా తలుపు బిగించకముందే రంగు పట్టించాలి. ఆషాఢంలో బిగిసిన తలుపుకు వెంటనే చిత్రిక పట్టించకూడదు. మాఘం వచ్చేసరికి అక్కడే వేలెడు సందు కనిపిస్తుంది.

లోపలి గదులకు అంత ఖర్చు అక్కరలేదు. ఫ్లష్ తలుపులు చాలు. వేలితో కొట్టి చూస్తే గుల్లదో గట్టిదో తెలుస్తుంది. ఐ.ఎస్. 2202 ముద్ర ఉన్నదో లేదో చూడండి. స్నానాల గదికి నీటికి చెడని ప్లాస్టిక్ తలుపో, చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసే డబ్ల్యూ.పి.సి. తలుపో వాడితే నామోషీ ఏమీ లేదు. పాత లోగిళ్ళు పడగొట్టినప్పుడు వాటి తలుపులు కొని కొత్త ఇంటికి పెట్టుకునేవారూ ఉన్నారు. మంచిదే. కాని పాత గుమ్మాలు పొట్టివి. ముందు తలుపు కొని, దాని కొలతకు గోడ కట్టండి.

ఇంతవరకు చెప్పినది తలుపు మన్నిక మాట. వడ్రంగి మొదటి ప్రశ్న, "ఎవరు పడుకుంటారు" అన్నది, మరొకటి ఉన్నది గదా. దానికి జవాబు అదే వీధిలో ఒక కొత్త మేడలో దొరికింది.

ఆ మేడకు నాలుగడుగుల వెడల్పు సింహద్వారం. టేకు రెక్కల నిండా చెక్కడం. వీధిన పోయేవారు ఆగి చూడవలసిందే. లోపల స్నానాల గదికి మాత్రం రెండున్నర అడుగుల గుమ్మం, లోపలికి తెరుచుకునే తలుపు. ఇంటి మామ్మగారికి ఎనభై దాటాయి. ఒక తెల్లవారుజామున ఆమె స్నానాల గదిలో జారి, తలుపుకు అడ్డంగా పడింది. బయటినుంచి నెడితే తలుపు ఆమెనే నొక్కుతున్నది. లోపల గడియ. చివరకు ఈ వడ్రంగినే పిలిచి, రెక్క కోయించి ఆమెను బయటికి తీశారు. తుంటి ఎముకకు ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చాక చక్రాల కుర్చీ ఆ గుమ్మంలో పట్టలేదు.

లెక్క చూడండి. రెండున్నర అడుగులంటే 30 అంగుళాలు. రెండు వైపులా కమ్ములకు అయిదు అంగుళాలు పోతే 25. తెరిచిన రెక్క మందం కూడా పోతే 24 మిగలడం కష్టం. చక్రాల కుర్చీలు సామాన్యంగా రెండడుగులకు పైగానే ఉంటాయి. కేంద్ర ప్రభుత్వం వారి సుగమ్యతా మార్గదర్శకాలు 900 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మూడడుగుల ఖాళీ ఉండాలంటున్నాయి. అంత ఖాళీ దక్కాలంటే గోడలో మూడున్నర అడుగులు వదలాలి.

"సింహద్వారానికి ఆరునెలలు ఆలోచించానండీ. దీనికి ఆరు నిమిషాలైనా ఆలోచించలేదు" అన్నాడు ఆమె కొడుకు.

మామ్మగారు మంచం మీదనుంచే నవ్వింది. "మా అబ్బాయి సింహాలొస్తాయని కాబోలు అంత ద్వారం పెట్టించాడు నాయనా! ఇంట్లో ఉన్నది ముసలిది గదా, దాని కొలత ఎవరూ తీసుకోలేదు" అన్నది.

నేను వెళ్ళేసరికి గోడ కొట్టి గుమ్మం వెడల్పు చేస్తున్నారు. కొత్త తలుపు బయటికి తెరుచుకుంటుంది. లోపల గడియ పడినా బయటినుంచి తీయగల తాళం పెట్టారు. గడప తీసేసి, నీరు లోపలికే పోయేటట్టు నేల వాలు సరిచేశారు. ఇల్లు కట్టేటప్పుడే చేయించి ఉంటే దీని ఖర్చు సింహద్వారం మీది లతలలో ఒక తీగకు సరిపోయేది.

కాబట్టి ఇల్లు కట్టబోయేవారు తలుపుల పట్టీ వ్రాసేటప్పుడు వీధివైపునుంచి కాక పెరటివైపునుంచి మొదలుపెట్టండి. ముందు స్నానాల గది, తరువాత పెద్దవారి పడకగది, తరువాత వంటిల్లు, పెరడు. ఒక్కొక్క గుమ్మం ఎదుట ఆ ఇంట్లోని వయసు మళ్ళినవారి పేరు, పసివారి పేరు వ్రాసుకోండి. గాలి ఎటునుంచి కొడుతుందో, నీరు ఎందాకా వస్తుందో ఊళ్ళో పెద్దవారిని అడిగి వ్రాసుకోండి. ఆ తరువాత చేతిలో ఎంత మిగిలితే అంతలో సింహద్వారం చేయించుకోండి. దానిమీద ఎన్ని లతలు ఉన్నాయో వచ్చిన చుట్టాలు ఒకపూట చూస్తారు. లోపలి గుమ్మాలు దాటవలసింది మాత్రం రోజూ మన ఇంటివాళ్ళే.