కడుపు నొప్పి

మొదటి ఏడాది నా రిజిస్టర్ నిండా ఒకటే మాట, కడుపు నొప్పి. తేదీ, పేరు, తరగతి, బాధ, ఇచ్చిన మందు అని ఐదు గళ్ళుండేవి. నాలుగో గడిలో ఆ మాట రాసేదాన్ని, ఐదో గడిలో ఏదో ఒక మాత్ర పేరు రాసేదాన్ని. ఏఎన్‌ఎం కోర్సులో నేర్పింది నేర్పినట్టే చేస్తున్నానని నా ధీమా.

2012లో గద్వాల వైపు ఒక కస్తూర్బా బాలికా విద్యాలయంలో ఏఎన్‌ఎంగా చేరాను. మాది వనపర్తి పక్క పల్లె. అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ మహబూబ్‌నగర్ జిల్లాయే. ఏ చిన్న కాగితం పనున్నా పాలమూరు (మహబూబ్‌నగర్) బస్సు ఎక్కాల్సిందే. బడి మానేసిన, బడి ముఖమే చూడని ఆడపిల్లల కోసం 2004లో కేంద్రం ఈ కస్తూర్బాలు మొదలుపెట్టింది. మా బడి ఉన్న గద్వాల ప్రాంతంలో, కృష్ణా తుంగభద్రల మధ్యనున్న నడిగడ్డలో, పిల్లల్ని బడి మాన్పించే పంటే ఒకటుంది, సీడు పత్తి. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రం గోటితో ఒలిచి మగ భాగం తీసేయాలి. తెల్లారి మగ పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. దాన్ని క్రాసింగ్ అంటారు. నెలల తరబడి రోజూ, పువ్వు పువ్వుకూ అదే పని. చిన్న వేళ్ళయితే పని నాజూగ్గా సాగుతుందని ఆడపిల్లల్ని పిలిచేవాళ్ళు. ఆ చేలనుంచి మా దగ్గరికొచ్చిన పిల్లల గోళ్ళు చీలిపోయి ఉండేవి, కనురెప్ప కింద చూస్తే తెల్లగా పాలిపోయి ఉండేది.

మరుసటేడు వారానికొక ఐరన్ మాత్ర ఇవ్వమన్నారు. నీలం రంగు మాత్ర. అందరికీ పంచాను, అందరూ నోట్లో వేసుకున్నారు. ఒకరోజు రాత్రంతా వాన కురిసింది. పొద్దున లేచి చూస్తే ప్రహరీ గోడ వెనక మట్టి అక్కడక్కడా నీలం నీలంగా ఉంది.

నేను అరవలేదు. అరిస్తే మాత్రలు ఇంకా దూరంగా పడతాయి. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె చివరికి నోరు విప్పింది. "మ్యాడం, దొడ్డికి నల్లగ వస్తున్నది. లోపల ఏందో కాలిపోతున్నదని భయమైతుంది."

ఒంటికి పట్టని ఇనుము అలాగే బయటికి పోతుంది, ఆ నలుపు దానిదేనని చెప్పాను. పొద్దున్నే ఖాళీ కడుపున వేసుకుంటే వికారం పుడుతుంది కాబట్టి అన్నం తిన్నాకే వేసుకోమన్నాను. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది, వెంటనే టీ తాగితే సరిగా పట్టదు. ఇదంతా చెప్పి, వాళ్ళ ముందే భోజనం చేసి నేనూ ఒక మాత్ర మింగాను. మర్నాడు పొద్దున్నే నలుగురు నా గది ముందు హాజరు. "మ్యాడం, మీకు గూడ నల్లగ వచ్చిందా?" వచ్చిందన్నాను. ఆ వారం నుంచి గోడ వెనక మట్టి మట్టి రంగులోనే ఉంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణ ఆడవాళ్ళలో నూటికి 57.6 మందికి రక్తహీనత అని చదివినప్పుడు నాకు ఆ నీలం మట్టే గుర్తొచ్చింది.

తర్వాత ఇంటికి దగ్గరని వనపర్తి వైపు మరో బడికి మారాను. అక్కడా కడుపు నొప్పే. ఈసారి పొత్తికడుపు, దాంతోపాటు ఒంటికి పోయేటప్పుడు మంట. నీళ్ళు తాగుతున్నారా అంటే తాగుతున్నామనేవాళ్ళు. ఒక పగలంతా కుండ దగ్గరే కూర్చున్నాను. పొద్దున ఏడు నుంచి సాయంత్రం దాకా ఆ వైపు వచ్చినవాళ్ళు పదిమంది కూడా లేరు. బాత్రూం తలుపులకు గడియల్లేవు. ఒకరు లోపలికి పోతే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. తోడు దొరకనప్పుడు అసలు పోకుండా ఉండటానికి ఒకటే ఉపాయం, నీళ్ళు తాగకపోవడం. నెలసరి రోజుల్లో ఆ బాధ రెట్టింపు. పై వాళ్ళకు రాశాం. ఆ కాగితం తిరిగొచ్చేలోపు మేమంతా తలా కొంత వేసుకుని ఊళ్ళో వడ్లాయనను పిలిపించి అన్ని తలుపులకూ గడియలు కొట్టించాం. వారం తిరిగేసరికి కుండ రోజుకు రెండుసార్లు నింపాల్సి వచ్చింది.

అక్కడే ఒక దసరా సెలవుల తర్వాత తొమ్మిదో తరగతి పిల్ల మూడు రోజులు వరసగా వచ్చింది. నొక్కి చూస్తే నొప్పి రోజుకో చోట. మూడో రాత్రి లైటు తీశాక చెప్పింది. "మ్యాడం, నన్ను చూసిపోయిండ్రు."

పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే నేరమని 2006 చట్టం ఉంది, 1098కి ఫోన్ కొట్టొచ్చు. మా బడి స్పెషల్ ఆఫీసర్ (ఎస్‌ఓ) మేడం మాత్రం ముందు తల్లిని పిలిపించింది. ఆమె ఆదివారం వచ్చి కొంగుతో మొహం తుడుచుకుంటూ అడిగింది. "మేము బొంబాయికి పోతే ఎదిగిన పిల్లను ఎవలు చూస్తరమ్మా?" పదో తరగతి అయ్యేదాకా మేం చూస్తామన్నాం. "సెలవుల్ల?" అంది. ఆ ప్రశ్నకు మా దగ్గర తడబాటే తప్ప జవాబు లేదు. చివరికి ఎస్‌ఓ మేడం, ఎండాకాలం పిల్లను పిన్నమ్మ ఇంట్లో ఉంచేలా ఆమె దగ్గరే మాట తీసుకుంది. ఆ పిల్ల పదో తరగతి పరీక్షలు రాసింది.

చివరి కొలువు నాగర్‌కర్నూల్ వైపు. నల్లమల లోపలి చెంచుల పెంట (చిన్న గూడెం) నుంచి వచ్చిన ఆరో తరగతి పిల్లకు ఆదివారం సాయంత్రాలే కడుపు నొప్పి. అది మిగతా పిల్లల అమ్మానాన్నలు చూడ్డానికి వచ్చే రోజు. ఈ పిల్ల వాళ్ళకు పెంట నుంచి రావడం మాటలు కాదు, ఫోన్ చేద్దామంటే అక్కడ సిగ్నల్ లేదు. మెట్ల మీద పక్కన కూర్చుని, తేనె ఎట్లా తీస్తారో చెప్పమన్నాను. అన్నం గంట కొట్టేదాకా చెప్పింది. లేచి వెళ్ళి రెండోసారి అన్నం పెట్టించుకుంది.

ఆ నెలలో తనిఖీకి వచ్చిన మేడం రిజిస్టర్ తిరగేస్తూ ఒక వరస దగ్గర ఆగింది. బాధ గడిలో "ఇల్లు" అని ఉంది. మందు గడిలో "పక్కన కూర్చున్నాను" అని ఉంది. కళ్ళద్దాలు సర్దుకుని నా వైపు చూసింది. తర్వాత ఏమీ అనకుండా కింద సంతకం పెట్టింది.