కొత్త పెట్టెలో కొత్త ఆట ఉందా?

పిల్లలూ! కొన్నేళ్ళకొకసారి ఒక కొత్త వీడియో గేమ్ యంత్రం బజారులోకి వస్తుంది. దాన్ని కన్సోల్ అంటారని మీకు తెలుసు. అది వచ్చిన రోజునుంచీ ఇళ్ళలో ఒకటే పేచీ. "పాతదానిలో ఏముంది? కొత్తది కొనిపెట్టండి," అని పిల్లలు. "రెంటికీ తేడా ఏమిటి? అవే గంతులు, అవే తుపాకులు గదా!" అని పెద్దలు. ఈ తగవు నా దగ్గిరికి కూడా చాలాసార్లు వచ్చింది. ఈ ఆటలంటే నాకూ సరదా కనక, మా బంధువుల పిల్లలు నన్నే మధ్యవర్తిగా పెట్టుకుంటారు.

ఇది చిన్న తగవని అనుకోకండి. ప్లేస్టేషన్ 5 మన దేశానికి 2021 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పుడు దాని వెల 49,990 రూపాయలు. ఎన్నో ఇళ్ళలో ఆ డబ్బుతో రెండు మూడు నెలల సంసారం గడుస్తుంది. కనక తీర్పు చెప్పేవాడు ఆలోచించి చెప్పాలి.

ఇందుకు నేనొక తూనిక పెట్టుకున్నాను. మీరు అష్టాచెమ్మా ఆడే ఉంటారు. గవ్వలు దొరక్కపోతే చింతగింజలను ఒక పక్క అరగదీసి ఆడతాం. ఎవరో వెండి గవ్వలు చేయించి తెచ్చారనుకోండి. అవి తళతళలాడతాయి, గలగలమంటాయి. కాని ఆట మారిందా? మారలేదు. అలా కాక, ఒకడు గడులను మార్చి, కాయలు నడిచే తీరు మార్చాడనుకోండి. అప్పుడు చింతగింజలతోనే కొత్త ఆట పుడుతుంది. అందుచేత కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా నేను అడిగే ప్రశ్న ఒకటే: ఇవి వెండి గవ్వలా, కొత్త ఆటా?

ఈ తూనికతో పాత యంత్రాలను తూచి చూద్దాం. ఇంట్లో టెలివిజన్‌కు తగిలించి ఆడే మొదటి యంత్రం 1972లో అమెరికాలో వచ్చింది. దాని పేరు మాగ్నవాక్స్ ఒడిస్సీ. దానికి మూలపురుషుడు రాల్ఫ్ బేర్ అనే ఇంజనీరు. ఆ యంత్రానికి శబ్దం లేదు, రంగులు లేవు. తెర మీద తెల్లని చుక్కలూ గీతా కదిలేవి. బొమ్మలు వేసిన పలచని ప్లాస్టిక్ రేకును తెరకు అంటించి, అదే మైదానమనుకుని ఆడేవారు. అయినా అది ఎంత కొత్త! అంతవరకూ టెలివిజన్ ఏది చూపిస్తే మనం అది చూసేవాళ్ళం. ఇప్పుడు ఇంట్లో వాళ్ళు చెప్పినట్టు తెర వినసాగింది.

1976లో ఫెయిర్‌చైల్డ్ చానెల్ ఎఫ్ వచ్చింది. జెర్రీ లాసన్ నాయకత్వాన ఇంజనీర్లు ఆటను చిప్‌లో పెట్టి, యంత్రంనుంచి విడదీశారు. ఆ చిప్ ఉన్న డబ్బా మారిస్తే ఆట మారుతుంది. ఒక్క యంత్రంతో ఎన్ని ఆటలైనా! ఇదీ నిజమైన కొత్తదనమే.

నాకు అందరికన్న ఇష్టమైనవాడు గుంపే యొకోయి. జపానులో నింటెండో కంపెనీ 1889లో పేకముక్కలు చేస్తూ మొదలయింది. యొకోయి 1965లో అందులో చేరి, పేకముక్కలు చేసే యంత్రాలను చూసుకునేవాడు. కొత్తగా వచ్చిన ఖరీదైన సామానుకన్న, వాడి వాడి చవకబడిన సామానును కొత్త పనికి వాడటమే తెలివి అని అతని నమ్మకం. కాలిక్యులేటర్ల పుణ్యమా అని చిన్న తెరలు చవకయినాయి. అతను వాటితో 1980లో జేబులో పట్టే ఆటలు చేశాడు. 1982లో అలాంటి ఆట ఒకదానికి కూడిక గుర్తులాంటి మీట పెట్టాడు. నాలుగు దిక్కులూ ఒక్క బొటనవేలి కిందికి వచ్చాయి! ఆ మీట ఈనాటి యంత్రాలమీద కూడా ఉంది.

1989లో అతని బృందం గేమ్ బాయ్ చేసింది. దాని తెరకు రంగులు లేవు, వెలుగూ లేదు. మరుసటి ఏడు సెగా కంపెనీ రంగుల తెరతో గేమ్ గేర్ తెచ్చింది. ఏది గెలిచిందనుకున్నారు? రంగుల తెర వెనక దీపం విద్యుత్తును తాగేసేది. ఆరు బ్యాటరీలు నాలుగైదు గంటల్లో అయిపోయేవి. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలకు పైగా నడిచేది. గేమ్ బాయ్, తరవాత వచ్చిన దాని రంగుల తమ్ముడూ కలిసి 11 కోట్లకు పైగా అమ్ముడయాయి.

మరి యంత్రానికి బలం పెరగటం వట్టిదేనా? అలా అనను. నీళ్ళను ఎంత కాచినా వేడినీళ్ళే. కాని 100 డిగ్రీలకు చేరగానే ఆవిరై మూతను ఎగరేస్తాయి. బలం కూడా అంతే. 1996లో నింటెండో 64 వచ్చినప్పుడు, అంతవరకూ ఎక్కువగా పక్కలకే పరిగెత్తిన మారియో లోతైన లోకంలో అన్నివైపులా తిరిగాడు. పుల్లలాంటి మీటను కొంచెం వంచితే నడక, పూర్తిగా వంచితే పరుగు! అక్కడ బలమే కొత్త ఆట అయింది.

2006లో వచ్చిన వీ యంత్రానికి అంత బలం లేదు. కాని చేతిలో పట్టుకునే కర్ర మన కదలికను కనిపెట్టేది. ఎలాగో తెలుసా? బస్సు కదిలినప్పుడు మనం వెనక్కు తూలుతాం గదా! ఆ కర్రలోని చిప్‌లో కూడా కంటికి ఆనని సిలికాన్ ముక్క ఒకటి అలాగే తూలుతుంది. ఆ తూలును బట్టి చెయ్యి ఎటు కదిలిందో యంత్రం తెలుసుకుంటుంది. మీటల యంత్రాన్ని ఎన్నడూ ముట్టని మా మేనత్త ఆ కర్ర పట్టుకుని, చీర కొంగు బిగించి, మనమడితో టెన్నిస్ ఆడటం నేను కళ్ళారా చూశాను.

ఇక ప్లేస్టేషన్ 5 మాట. ఆట తెరుచుకునేదాకా ఎదురుచూసే బాధను అది బాగా తగ్గించింది. అది మంచి సుఖమే. కాని 2022 నవంబరులో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ అనే పెద్ద ఆట, 2013నాటి ప్లేస్టేషన్ 4 మీద కూడా నడిచింది. దాన్ని పాత యంత్రంమీద ఆడినవాడు కోల్పోయింది కొంత మెరుపూ, కొంత వేగమూ. అందుచేత ఆ ఆట వరకు కొత్త యంత్రానివి చాలామటుకు వెండి గవ్వలే.

అసలు కొత్తదనానికి యంత్రమే కావాలా? 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ టెట్రిస్‌ను తయారుచేసినప్పుడు, అతని కంప్యూటరుకు బొమ్మలు గీయటమే రాదు. అతను బ్రాకెట్ గుర్తులను పక్కపక్కన పేర్చి ఇటుకలనుకున్నాడు. ప్రపంచమంతా ఆడిన ఆట అలా పుట్టింది.

కనక నా తీర్పు ఇది. కొత్త యంత్రాలు ఒక్కొక్కప్పుడు నిజంగానే కొత్త ఆటను తెస్తాయి. ఎక్కువసార్లు పాత ఆటకు మెరుగు పెడతాయి. మెరుగు చెడ్డది కాదు. కాని దానికి తొందర లేదు. ఏడాది ఆగితే నష్టం లేదు. మీరు పుట్టకముందు వచ్చిన మంచి ఆట కూడా, మీరు ఆడనంతవరకూ మీకు కొత్తదే!

పెద్దలకు ఒక మాట. పిల్లవాడు కొత్త యంత్రం అడిగితే కసురుకోకండి. "దానితో నువ్వు చెయ్యగలిగేది, పాతదానితో చెయ్యలేనిది ఏమిటి నాయనా?" అని అడగండి. వాడు చెప్పగలిగితే శ్రద్ధగా వినండి. చెప్పలేకపోతే, మీరు కాదనవలసిన అవసరం ఉండదు. సంగతి వాడికే తెలిసిపోతుంది.