అడిగి వెళ్లాల్సిన వేట

వేట అంటే మా రొంపిచెర్లలో తాతల నాటి ముచ్చట. ఇప్పుడెవరూ చెయ్యరు, చెయ్యకూడదు కూడా. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991లో దాన్ని సవరించి లైసెన్సు మీద వేటాడే పద్ధతికీ మంగళం పాడారు. అందుకే నేను అమెరికాలో విల్లు పట్టుకుని అడవి టర్కీకోళ్ల వేటకు వెళ్తున్నానంటే మా ఊరివాళ్లు ముందు నవ్వుతారు. ఆనక 'పోలీసులు పట్టుకోరా?' అంటారు. మా అమ్మది మాత్రం వేరే ప్రశ్న. 'కోడి కావాలంటే కొట్లో దొరకదంట్రా నాయనా? అడవిలో పడి ఎతుక్కోవాలా?'

పోలీసులు పట్టుకోరు, లైసెన్సుంది. కోడి దొరకడం, దొరక్కపోవడం తర్వాతి సంగతి. అసలు ఎక్కడికెళ్లి వేటాడాలన్నదే కొత్తవాడికి మొదటి ప్రశ్న. నాకైతే మొదటి ఏడాది చాలా భాగం దానికే సరిపోయింది.

తాతయ్య లెక్క

మా తాతయ్య వయసులో ఉన్నప్పుడు కౌజుపిట్టల్ని పట్టేవాడు. తుపాకీ లేదు, విల్లూ లేదు. ఇంట్లో పెంచిన మగకౌజు ఒకటి ఉండేదట. దాన్ని బుట్టలో పెట్టుకుని తెల్లారకముందే చేలగట్ల మీదికి వెళ్లేవాడు. బుట్ట చుట్టూ ఉచ్చులు పన్ని, తను కంపచెట్టు చాటున కూర్చునేవాడు. పెంపుడు కౌజు కూసేది. 'నా జాగాలోకి వచ్చి కూసేదెవడు?' అంటూ ఆ చుట్టుపక్కల ఉండే కౌజు పోట్లాటకు వచ్చి ఉచ్చులో పడేది. పౌరుషమే దాని కొంప ముంచేదన్నమాట. కోడిపందెం మీద రాజ్యాన్ని ఒడ్డారని కథలు చెప్పుకునే పల్నాడు కదా, పిట్టలకు మాత్రం ఆ గాలి సోకకుండా ఉంటుందా!

తాతయ్య చెప్పిన వాటిలో నాకు ఎక్కువగా గుర్తున్నది ఇంకొకటి. ఎవరి చేలోకి వెళ్లాలన్నా ముందురోజు సాయంత్రమే ఆ రైతుకి చెప్పి వచ్చేవాడట. 'చేను వాడిది, గట్టు వాడిది. పిట్ట ఎవరిదీ కాదు. పిట్టని అడగక్కర్లా, వాణ్ణి అడగాల' అనేవాడు. ఉద్యోగం కోసం పెన్సిల్వేనియా వచ్చాక తెలిసింది, అమెరికా చట్టం కూడా ఇంచుమించు అదేనని. అక్కడ అడవి జీవి ఎవరి పొలంలో తిరిగినా అది ప్రజలందరిదీ. నేల మాత్రం దాని యజమానిది.

పోయి వచ్చిన కోడి

'అందరూ ఇట్టా వేటాడితే కోళ్లు అయిపోవా మామయ్యా?' అని మా మేనల్లుడు అడిగాడు. మంచి ప్రశ్న. నిజానికి ఒకప్పుడు దాదాపు అయిపోయాయి. అడవులు కొట్టేసి, అడ్డూ అదుపూ లేకుండా చంపడంతో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చాలా రాష్ట్రాల్లో అడవి టర్కీ కనిపించకుండా పోయింది. 1937లో అక్కడి ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. వేట తుపాకులు, తూటాల మీద పన్ను వేసి, ఆ డబ్బుని వన్యప్రాణుల కోసమే ఖర్చుపెట్టమంది. తర్వాత విల్లులూ బాణాలూ కూడా ఆ పన్ను కిందికి వచ్చాయి. అంటే నేను కొన్న విల్లు ధరలో కొంత కోళ్ల సంరక్షణకే పోయింది.

మొదట ఫారాల్లో పెంచిన కోళ్లని అడవుల్లో వదిలారు. అవి బతకలేదు. మేత పెట్టే చేతికి అలవాటుపడ్డ కోడికి నక్కని చూసి పారిపోవాలని ఎలా తెలుస్తుంది? 1950ల నుంచి పద్ధతి మార్చారు. అడవి కోళ్లు మిగిలిన చోట్ల, మేతకి వచ్చినప్పుడు వాటి మీదికి పెద్ద వలలు పేల్చి పట్టుకున్నారు. వాటిని అవి లేని అడవులకు తీసుకెళ్లి వదిలారు. ఆ మందు పనిచేసింది. 1973లో దేశం మొత్తం మీద పదిహేను లక్షలకు మించని కోళ్లు తర్వాత దాదాపు 70 లక్షల దాకా పెరిగాయి. ఈమధ్య కొన్ని ప్రాంతాల్లో మళ్లీ తగ్గుతున్నాయని వేటగాళ్లే ముందుగా గోల పెడుతున్నారు.

వసంతకాలపు వేటలో గడ్డం ఉన్న కోడినే కొట్టాలి. గడ్డమంటే రొమ్ము మీద వేలాడే వెంట్రుకల కుచ్చు. అది దాదాపు పుంజులకే ఉంటుంది. చాలా పెట్టలు అప్పటికే జతకట్టి ఉంటాయి కాబట్టి కొన్ని పుంజులు పోయినా మందకి లోటు రాదు. మామూలు లైసెన్సు మీద వసంతంలో ఒక్క పుంజే. వాటిని వెంటాడకూడదు. ఒకచోట కూర్చుని పెట్టలాగా కూతపెట్టి రప్పించుకోవాలి. తాతయ్య కౌజు చేసిన పనిని ఇక్కడ మనమే నోటితోనో, చెక్కపెట్టెతోనో చెయ్యాలి. కాకపోతే ఒక తిరకాసుంది. ప్రకృతిలో పుంజు కూస్తే పెట్ట దాని దగ్గరికి వెళ్తుంది. మనం దాన్ని తిరగేసి పుంజునే రమ్మంటున్నాం. అందుకే ముసలి పుంజు సగం దూరం వచ్చి నిలబడి, 'నువ్వే రావచ్చుగా' అన్నట్టు చూస్తుంది.

తుపాకీ కాకుండా విల్లెందుకంటే, ఇంట్లో తుపాకీ వద్దంది మా ఆవిడ. ఆ మాట మీద వాదన లేదు. వేటగాళ్లు తప్పనిసరిగా చదవాల్సిన భద్రతా పాఠాలు చదివి పరీక్ష పాసయ్యాను. అందులో మొదట చెప్పేది ఎరుపు, తెలుపు, నీలం బట్టలు వేసుకోవద్దని. పుంజు తల ఆ రంగుల్లోనే ఉంటుంది. చెట్ల సందున ఆ రంగు కదిలితే ఇంకో వేటగాడు మనల్నే కోడి అనుకోవచ్చు. తర్వాత పెరట్లో నెలల తరబడి బాణాలు వేశాను. కోడి ఒళ్లంతా ఈకలే. ప్రాణం ఉన్న చోటు మాత్రం బత్తాయికాయంత. దాన్ని గాయపరిచి వదిలెయ్యడం కన్నా అసలు కొట్టకపోవడం మేలు. అందుకని ఇరవై గజాలు దాటితే బాణం వదలకూడదని నాకు నేనే గీత గీసుకున్నాను.

ఊదారంగు గీతలు

పెన్సిల్వేనియాలో వేటగాళ్ల లైసెన్సు డబ్బుతో కొన్న ప్రభుత్వ వేట భూములే సుమారు 15 లక్షల ఎకరాలున్నాయి. ఇవికాక రాష్ట్ర అడవులు మరో 22 లక్షల ఎకరాలు. ఇంత నేల ఉండగా చోటు కోసం వెతుకులాట దేనికని అనిపిస్తుంది. చీకటితో వెళ్తే ప్రతి మలుపు దగ్గరా ఒక కారు ఆగి ఉంటుంది. ముందు వచ్చినవాడిది ఆ చోటు, మనం వెనక్కి తిరగడం మర్యాద. పైగా విల్లుతో వేటకి కోడి దగ్గరగా రావాలి. పదిమంది తిరిగిన అడవిలో కోడి బెదిరి ఉంటుంది. దాని చూపు మహా చురుకు. మనం విల్లు లాగే ఆ ఒక్క కదలిక చాలు, మాయమైపోతుంది. అందుకే విల్లు పట్టినవాళ్లు గుడ్డతో చేసిన చిన్న గుడారంలో దాక్కుంటారు.

అలాగని ప్రభుత్వ భూమి దండగ కాదు. కోడిని గుర్తుపట్టడం నేర్చుకున్నది అక్కడే. ఆకుల్ని కాళ్లతో చెదరగొట్టిన చోట్లు, మట్టిలో పొర్లాడిన గుంటలు, రాలిన ఈకలు చూడాలి. రెట్ట కొక్కెంలా వంగి ఉంటే పుంజు, ఉండగా ఉంటే పెట్ట. రాత్రిళ్లు చెట్ల మీద పడుకుంటాయి. పొద్దుగూకే వేళ గుడ్లగూబలా కూతపెడితే ఉలిక్కిపడి కొమ్మల మీంచే పుంజులు జవాబిస్తాయి. ఆ చెట్టు తెలిస్తే తెల్లారి ఎక్కడ కూర్చోవాలో తెలిసినట్టే.

ఆ జవాబులు ఎక్కువగా ప్రైవేటు పొలాల వైపు నుంచే వచ్చేవి. అక్కడ చెట్లకి ఊదారంగు గీతలు కనిపించేవి. 2020 నుంచి ఆ రాష్ట్రంలో చాలాచోట్ల ఆ గీతకి 'లోపలికి రావద్దు' అని అర్థం. బోర్డు అక్కర్లేదు.

ఇక తలుపులు తట్టడమే మిగిలింది. సీజను ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో మొదలవుతుంది. నేను జనవరి నుంచే తిరిగాను. ఊరు కాని ఊళ్లో, ముక్కూ మొహం తెలియనివాడు 'విల్లుతో మీ పొలంలోకి వస్తా' అంటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. అందుకని ఆదివారం మధ్యాహ్నాలు, విల్లు ఇంట్లో వదిలేసి, భార్యా పిల్లాడితో వెళ్లేవాణ్ణి. మొదటి ఇంటి పెద్దావిడ 'మా మనవళ్లు వేటాడతారు బాబూ' అంది. రెండో ఇంట్లో ఎవరో అంతకుముందు గేటు తెరిచి పోతే ఆవులు రోడ్డెక్కాయట, అప్పట్నుంచి ఎవర్నీ రానివ్వరు. మూడో ఇంట్లో తలుపు తియ్యలేదు. కిటికీ తెర కదిలింది, అంతే. కారెక్కాక మావాడు 'మనల్ని చూసి భయపడ్డారా నాన్నా?' అన్నాడు. ఆ రోజు ఇంకో ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు.

రెండు వారాల తర్వాత ఒక పాలరైతు దగ్గరికి వెళ్లాం. ఆయన పాలు పిండే కొట్టంలో ఉన్నాడు. 'ఆవుల దగ్గర ఎప్పుడైనా పనిచేశావా?' అన్నాడు. 'ఆవులు కాదు, గేదెలు. చిన్నప్పుడు పాలు పితికాను' అని బఫెలో అనే మాట వాడాను. ఎగాదిగా చూశాడు. వాళ్లకి బఫెలో అంటే మూపురం ఎత్తుగా ఉండే బైసన్. దాని పొదుగు దగ్గర కూర్చున్నవాడు ఎవడుంటాడు? ఫోన్లో మా ముర్రా గేదె ఫొటో చూపించాక పెద్దగా నవ్వాడు. పూటకి ఎన్ని పాలు, వెన్న ఎంత, దాణా ఏమిటి, అన్నీ అడిగాడు. సాగర్ కాలువ కింద మా పొలాల గురించి, మిరప రేటు పడిపోతే మా ఇంట్లో ఎలా ఉండేదో చెప్పాను. పాల ధర సంగతి ఆయన చెప్పాడు. వేట మాట వచ్చేసరికి చీకటి పడింది.

ఆయన భయం ఒకటే. నేను ఆ పొలంలో కాలు విరగ్గొట్టుకుని కోర్టుకెక్కితే? డబ్బు తీసుకోకుండా వేటకి రానిచ్చే భూయజమానికి 1966 నాటి రాష్ట్ర చట్టం రక్షణ ఇస్తుందని చదివి ఉన్నాను కాబట్టి ఆ మాట చెప్పాను. 'చట్టం సరే, కంచె సంగతేంటి?' అన్నాడు. మార్చిలో రెండు శనివారాలు ఆయనతో కలిసి కంచె బాగుచేశాను. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బా ఖాళీగా వెనక్కొచ్చింది. షరతులు మూడు చెప్పాడు. గేటు వెయ్యాలి, కారు కొట్టం దగ్గరే పెట్టాలి, ఇంకెవర్నీ తీసుకురాకూడదు.

ఆ సీజనులో ఆరు రోజులు వెళ్లాను. అయిదో రోజు పొద్దున ఒక పుంజు పొలం అంచున తోక విప్పుకుని వచ్చింది. తెల్లటి తల, ఎర్రటి మెడ. ముప్పై గజాల దగ్గర ఆగింది. గుండె చప్పుడు నాకే వినబడుతోంది. చెక్కపెట్టె మీద మెల్లగా ఒక్క కూత పెట్టాను. అది అక్కడే అటూ ఇటూ తిరిగింది. పది నిమిషాలైంది, అడుగు ముందుకు వెయ్యలేదు. విల్లు నా ఒళ్లోనే ఉంది. చివరికి నిజం పెట్ట ఏదో కూస్తే దాని వెంట వెళ్లిపోయింది.

సీజను అయిపోయాక మామిడిపళ్ల పెట్టె పట్టుకుని ఆ రైతుకి థాంక్స్ చెప్పడానికి వెళ్లాను. 'దొరికిందా?' అన్నాడు. లేదన్నాను. ముప్పై గజాల సంగతి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కొట్టం వైపు నడుస్తూ అన్నాడు:

'మార్చిలో రా. వాగు వైపు కంచె కూడా చూడాలి.'